పెక్కు ఎంపికల జాబితా: వెబ్ పేజీలో దాని నిర్మాణం, పరీక్ష

ప్రస్తావన

కాగితం మీది దరఖాస్తులో "మీకు వచ్చిన భాషలు" అనే ప్రశ్న ఉన్నప్పుడు విద్యార్థి తనకు తెలిసిన భాషల ఎదుట ఒక్కొక్క గుర్తు పెట్టుకుంటూ పోతాడు. మూడు భాషలు వస్తే మూడు గుర్తులు. మూడవ గుర్తు పెట్టినంత మాత్రాన మొదటి రెండూ చెరిగిపోవు. ప్రవేశ దరఖాస్తులు, ఉపకార వేతనాల దరఖాస్తులు, పరీక్ష రుసుముల చెల్లింపు క్రమంగా వెబ్ పేజీల మీదకు మారిపోతున్న ఈ కాలంలో, కాగితానికి సహజంగా ఉన్న ఈ చిన్న గుణాన్ని తెర మీదకు తీసుకొని రావడానికి కొంత ఆలోచన, మరికొంత శ్రద్ధ కావలసి ఉన్నది.

ఒక జాబితాలోనుండి ఒకటికంటె ఎక్కువ అంశాలను ఎన్నుకొనడానికి వీలు కల్పించే సాధనాన్ని పెక్కు ఎంపికల జాబితా అనవచ్చు. కంప్యూటరు శాస్త్రం చదివే విద్యార్థులకు దాని నిర్మాణ క్రమాన్ని, కళాశాల సంఘం వారికి దానిని పరీక్షించే పద్ధతిని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. వివరణ కొరకు ఎనిమిది భాషల జాబితా ఒకటి తీసుకొందాము: అరబ్బీ, ఇంగ్లీషు, ఉర్దూ, కన్నడం, తెలుగు, ఫారసీ, మరాఠీ, హిందీ.

ఈ జాబితాలో ఒకే భాషను ఎన్నుకొనవలెనంటే సాధ్యమయ్యే సమాధానాలు ఎనిమిది. ఎన్ని భాషలనైనా ఎన్నుకొనవచ్చునంటే ఒక్కొక్క భాషకు "వచ్చును", "రాదు" అని రెండు అవకాశాలుంటాయి. కావున మొత్తం సమాధానాలు 2ను ఎనిమిది సార్లు హెచ్చించగా వచ్చేన్ని, అనగా 256. ఒక్క భాషనూ ఎన్నుకొనని శూన్య సమితి కూడా వీటిలో ఒకటి. 8కి, 256కి ఉన్న ఈ అంతరమే ఈ సాధనంలోని చిక్కులన్నిటికీ మూలం.

పుట్టుపూర్వోత్తరాలు

టిం బెర్నర్స్ లీ 1989లో జెనీవా సమీపంలోని సెర్న్ పరిశోధన కేంద్రంలో వెబ్ విధానాన్ని ప్రతిపాదించారు. వెబ్ పేజీలను వ్రాసే హెచ్.టి.ఎం.ఎల్. భాష రెండవ రూపం 1995లో ప్రమాణ పత్రంగా వెలువడినది. అందులోనే "సెలెక్ట్" అనే జాబితా, దానికి "మల్టిపుల్" అనే విశేషణం ఉన్నాయి. జాబితా పేరు పక్కన ఆ ఒక్క మాట చేర్చితే చాలు, అది పెక్కు ఎంపికల జాబితాగా మారుతుంది. ఆ పద్ధతి నేటికీ చెల్లుతున్నది.

అట్లయితే కొత్తది కట్టవలసిన అవసరమేమిటి? కంప్యూటరు తెర మీద ఈ సహజ జాబితాలో ఒక భాష మీద మౌస్‌తో నొక్కితే అది ఎంపిక అవుతుంది. మరొక భాష మీద మామూలుగా నొక్కితే రెండవది ఎంపికై, మొదటిది రద్దవుతుంది. రెండూ నిలవవలెనంటే కంట్రోల్ మీటను అదిమిపట్టి నొక్కవలెను. మాకింటాష్ యంత్రాలలో అయితే కమాండ్ మీటను పట్టుకొనవలెను. ఈ సంగతి జాబితాను చూసినవారికి తెలియదు. ఎవరో చెప్పవలెను, లేదా ఎక్కడో చదివి ఉండవలెను.

తెలుగు, ఉర్దూ, హిందీ మూడూ వచ్చిన ఒక విద్యార్థిని ఈ జాబితాను నింపుతున్నదనుకొనండి. వరుసగా మూడింటి మీదా నొక్కి, ఫారము పంపివేస్తుంది. సర్వరుకు చేరేది హిందీ ఒక్కటే. ఆమెకు తప్పు జరిగినట్లు సూచన ఏదీ రాదు. అట్టి ఫారములు వందలకొలది చేరిన తరువాత, ఉర్దూ తెలిసిన విద్యార్థులెందరు అని లెక్కించి అధ్యాపక నియామకం గురించి నిర్ణయం తీసుకుంటే, ఆ లెక్క ఎంత నమ్మదగినది? సాధనంలోని లోపం చివరకు ఒక భాష ఉనికి మీద పడుతుంది.

వేలు, గుర్తు

ఈ లోపానికి కారణం తెలుసుకొనాలంటే రెండు భావాలను విడదీసి చూడవలెను. తరగతిలో అధ్యాపకుడు హాజరు పట్టీని తీసుకొనేటప్పుడు ఆయన వేలు పేర్ల వెంట కిందికి కదులుతూ పోతుంది. పిలుపుకు జవాబు వచ్చిన పేరు ఎదుట గుర్తు పడుతుంది. వేలు ఎప్పుడూ ఒకే పేరు మీద ఉంటుంది. గుర్తులు అనేకం ఉండవచ్చు. వేలు ముందుకు పోయినంత మాత్రాన వెనుకటి గుర్తు పోదు.

జాబితాలో వేలు ఉన్న చోటును ఫోకస్ అంటారు. గుర్తులు పడిన అంశాల సమితిని ఎంపిక అంటారు. ఒకే అంశాన్ని ఎన్నుకొనే జాబితాలో ఈ రెండూ కలిసి నడిచినా నష్టం లేదు. పెక్కు ఎంపికలలో వీటిని కలపడం వల్లనే పై చిక్కు వచ్చినది. కావున మన నిర్మాణానికి మొదటి సూత్రం ఇది: ఫోకస్ కదలిక ఎంపికను మార్చరాదు, నొక్కిన ప్రతిసారీ ఆ ఒక్క అంశం స్థితి మాత్రమే మారవలెను, తక్కినవి యథాతథంగా ఉండవలెను.

కట్టుటకు ముందు

కొత్త సాధనం నిజంగా కావలెనా అని మొదట ప్రశ్నించుకొనడం మంచిది. అంశాలు ఎనిమిదే అయితే, ఒక్కొక్క భాషకు ఒక చెక్‌బాక్సు ఇచ్చి, అన్నిటినీ "ఫీల్డ్‌సెట్" అనే చట్రంలో ఉంచి, "లెజెండ్" అనే శీర్షికలో ప్రశ్నను వ్రాస్తే సరిపోతుంది. ఇందులో వేలు వేరు, గుర్తు వేరు. కంట్రోల్ మీటతో పని లేదు. కాగితం మీది దరఖాస్తుకు ఇది అతి దగ్గరి రూపం.

అంశాలు వందల సంఖ్యలో ఉండి వెదకవలసి వచ్చినప్పుడు, లేదా స్థలం తక్కువై జాబితాను చిన్న పెట్టెలో జరుపుకుంటూ చూపవలసినప్పుడు స్వంత సాధనం అవసరమవుతుంది. అప్పుడు మరచిపోకూడని సంగతి ఒకటి ఉన్నది. సహజ జాబితాను తీసివేసిన క్షణంలో బ్రౌజరు ఉచితంగా చేస్తున్న పనులన్నీ ఆగిపోతాయి: మీటలతో నడక, చూపు లేనివారికి చదివి వినిపించడం, విలువలను సర్వరుకు పంపడం, ఫారమును తిరిగి ఖాళీ చేయడం, వెనుక పేజీకి పోయి వచ్చినప్పుడు ఎంపికలను గుర్తుంచుకొనడం. తీసుకొన్న ప్రతి సౌకర్యాన్నీ తిరిగి ఇవ్వడం కట్టేవాని బాధ్యత.

నిర్మాణ క్రమం

మొదటిది సమాచారం. 2015లో వెలువడిన ప్రమాణం నుండి జావాస్క్రిప్టు భాషలో "సెట్" అనే సమితి రూపం లభిస్తున్నది. ఒక సభ్యుడు ఉన్నాడా అని అడగడం, చేర్చడం, తీసివేయడం దానిలోని ముఖ్య క్రియలు. మన ఎంపికను అందులో ఉంచుదాము. అంశాన్ని నొక్కినప్పుడు చేయవలసినది ఇంతే: సమితిలో ఉంటే తీసివేయవలెను, లేకుంటే చేర్చవలెను. ఫోకస్ ఎక్కడ ఉన్నదో చెప్పే వరుస సంఖ్యను వేరొక చరరాశిలో ఉంచవలెను. ఈ రెండింటినీ ఒకే చోట దాచరాదు.

రెండవది రూపం. తెర మీద కనిపించే గుర్తులు, రంగులు సమితిని చూసి గీసినవై ఉండవలెను. తెరను చూసి సమితిని ఊహించే పద్ధతి పెట్టుకుంటే, వెదుకులాటలో కొన్ని అంశాలు కనుమరుగైనప్పుడు వాటి ఎంపిక కూడా పోయే ప్రమాదం ఉన్నది. "ఉ" అని కొట్టి ఉర్దూను వెదికి ఎన్నుకొన్న విద్యార్థి, ఆ అక్షరాన్ని చెరిపి చూసేసరికి ముందు పెట్టిన తెలుగు గుర్తు అక్కడే ఉండవలెను. "మూడు భాషలు ఎన్నుకొన్నారు" అనే వాక్యం జాబితా కింద ఎప్పుడూ కనిపిస్తే మరింత మంచిది.

మూడవది పంపిణీ. స్వంత జాబితాలోని విలువలను బ్రౌజరు తనంతట తాను పంపదు. ఎన్నుకొన్న ఒక్కొక్క భాషకు కంటికి కనిపించని "హిడెన్" రకం ఇన్‌పుట్ ఒకటి చొప్పున, అన్నిటికీ ఒకే పేరుతో ఫారములో చేర్చవలెను. సర్వరు వైపు కూడా జాగ్రత్త వహించవలెను. పి.హెచ్.పి. భాషలో ఒకే పేరు మూడు సార్లు వస్తే చివరి విలువ మాత్రమే మిగులుతుంది. పేరు చివర చదరపు కుండలీకరణాలు చేర్చినప్పుడే మూడూ ఒక వరుసగా అందుతాయి. తెర మీద మూడు గుర్తులు సరిగా కనిపించి, సర్వరులో ఒకటే మిగిలితే మొదటి లోపం మారురూపంలో తిరిగి వచ్చినట్లే.

నాలుగవది శూన్య సమితి. ఒక్కటీ ఎన్నుకొనకపోతే ఆ పేరుతో ఏ విలువా సర్వరుకు పోదు. విద్యార్థి "ఏదీ రాదు" అని చెప్పినాడా, ప్రశ్నను చూడనే లేదా అన్నది అప్పుడు తెలియదు. "పైవేవీ కావు" అనే అంశాన్ని చేర్చి, దానిని ఎన్నుకొన్నప్పుడు తక్కినవి రద్దయ్యేటట్లు చేస్తే ఈ సందేహం తీరుతుంది. ఆ రద్దును విద్యార్థికి స్పష్టంగా తెలియజేయవలెను.

మీటలతో నడక

మౌస్ పట్టలేనివారు, చేతులు వణికేవారు, చూపు లేనివారు కీబోర్డు మీదనే ఆధారపడతారు. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం వారి మార్గదర్శకాలలో ఇట్టి జాబితాకు మీటల పద్ధతి వివరించబడి ఉన్నది. దాని సారాంశం ఇది.

టాబ్ మీటతో జాబితాలోనికి ప్రవేశించవలెను. మరొకసారి నొక్కితే బయటికి పోవలెను. ఎనిమిది భాషలకు ఎనిమిది సార్లు టాబ్ నొక్కించరాదు. లోనికి ప్రవేశించినప్పుడు ఎంపికైన అంశం ఉంటే వాటిలో మొదటిదాని మీద, లేకుంటే జాబితాలోని మొదటి అంశం మీద ఫోకస్ నిలవవలెను. కింది, పై బాణపు మీటలతో ఫోకస్ మాత్రమే కదలవలెను. స్పేస్ మీటతో గుర్తు పడవలెను, లేదా పోవలెను. హోమ్, ఎండ్ మీటలు మొదటికి, చివరికి తీసుకొనిపోతే దీర్ఘ జాబితాలలో ఉపయోగం. అక్షరం కొడితే ఆ అక్షరంతో మొదలయ్యే అంశానికి చేరే సౌకర్యం కూడా కోరదగినది.

బాణపు మీటకు, స్పేస్ మీటకు పేజీని జరపడం అనే సహజ ధర్మం ఉన్నది. జాబితాలో ఉన్నంతసేపు దానిని నిలుపు చేయకపోతే, గుర్తు పెట్టబోయిన ప్రతిసారీ పేజీ కిందికి జారుతుంది. ఫోకస్ ఉన్న అంశం చుట్టూ స్పష్టమైన గీత ఉండవలెను. అందము కొరకు ఆ గీతను తీసివేయడం చీకటిలో నడిచేవాని చేతి దీపం ఆర్పడం వంటిది.

వినేవారి కొరకు

చూపు లేని విద్యార్థి కంప్యూటరులో స్క్రీన్ రీడరు అనే సాధనం ద్వారా పేజీని వింటాడు. ఆస్ట్రేలియాలో 2006లో ప్రారంభమైన ఎన్.వి.డి.ఎ. అట్టిదే, అది ఉచితంగా లభిస్తున్నది. ఆండ్రాయిడ్ ఫోనులలో టాక్‌బ్యాక్ ఉన్నది. స్వంత జాబితా వీటికి అర్థం కాదు. అవి దానిని ఏదో అక్షరాల గుంపుగా చదువుతాయి. దానికి అర్థం కల్పించే పరిభాషను ఏరియా అంటారు. దాని మొదటి ప్రమాణం 2014లో వెలువడినది.

జాబితా చట్రానికి "లిస్ట్‌బాక్స్" అనే పాత్రను, ఒక్కొక్క భాషకు "ఆప్షన్" అనే పాత్రను ఇవ్వవలెను. చట్రం మీద "ఏరియా మల్టీసెలెక్టబుల్" విలువ నిజమని వ్రాస్తే, పెక్కింటిని ఎన్నుకొనవచ్చునని వినేవానికి తెలుస్తుంది. ఒక్కొక్క ఆప్షన్ మీద "ఏరియా సెలెక్టెడ్" విలువ నిజము, అబద్ధము అనే రెండింటిలో ఒకటిగా ఉండి, గుర్తు మారినప్పుడెల్లా మారవలెను. వేలు ఎక్కడ ఉన్నదో "ఏరియా యాక్టివ్‌డిసెండెంట్" చెబుతుంది. ఫోకస్ ఉన్న అంశం గుర్తింపు పేరును అందులో వ్రాయవలెను. ప్రశ్న వాక్యాన్ని "ఏరియా లేబుల్డ్‌బై" ద్వారా చట్రానికి కట్టవలెను. వేలు, గుర్తు వేరువేరుగా ఉండవలెనన్న మన సూత్రమే ఈ పరిభాషలో రెండు వేరు పేర్లతో ఉన్నదని గమనించండి.

ఏరియా మాటలు వర్ణన మాత్రమే చేస్తాయి. "ఇది జాబితా" అని చెప్పినంత మాత్రాన బాణపు మీటలు పని చేయవు. వర్ణన వ్రాసి నడకను కల్పించకపోవడం తలుపు బొమ్మ గీసి దారి ఇవ్వకపోవడం వంటిది. అంధ విద్యార్థి తలుపు ఉన్నదని విని అక్కడికి వచ్చి గోడకు తగులుకుంటాడు.

రెండు లిపుల సమస్య

తెలంగాణలో 2017 నుండి ఉర్దూ రాష్ట్రమంతటికీ రెండవ అధికార భాష. తెలుగు ఎడమ నుండి కుడికి, ఉర్దూ కుడి నుండి ఎడమకు సాగుతాయి. రెండు భాషల విద్యార్థులూ ఉన్న కళాశాల ఫారము ఈ రెండింటికీ సమానంగా అమరవలెను.

ఉర్దూ పేజీకి దిశ కుడి నుండి ఎడమకు అని ప్రకటించగానే వాక్యాల దిశ మారుతుంది. రూపాన్ని నిర్ణయించే సి.ఎస్.ఎస్. నియమాలలో "ఎడమ వైపు ఇంత ఖాళీ" అని వ్రాసి ఉంటే ఆ ఖాళీ మాత్రం మారదు; గుర్తు పెట్టె అక్షరాల మీద పడుతుంది. "ఆరంభం వైపు ఇంత ఖాళీ" అని వ్రాసే పద్ధతి ఆ భాషలోనే ఉన్నది. అప్పుడు తెలుగు పేజీలో ఎడమకు, ఉర్దూ పేజీలో కుడికి గుర్తు దానంతట అదే చేరుతుంది.

వరుసల ఎత్తును అంకెలలో బిగించరాదు. నస్తాలీఖ్ లిపిలో పదం పైనుండి కిందికి వాలుగా దిగుతుంది. తెలుగులో వత్తులు కిందికి, గుడులు పైకి పోతాయి. ఇంగ్లీషు అక్షరాలకు కొలిచిన వరుసలో ఇవి రెండూ తెగిపోతాయి. ఒక్కొక్క పేరుకు అది ఏ భాషదో ప్రకటించడం కూడా అవసరం. లేనిచో స్క్రీన్ రీడరు ఉర్దూ మాటను మరొక భాష గొంతుతో చదవబోతుంది.

అకారాది క్రమం మరొక చిక్కు. యూనికోడులో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉన్నది. ఆ సంఖ్యల ప్రకారం పేర్చితే ఉర్దూ వరుస తప్పుతుంది. అలిఫ్, బే తరువాత మూడవదైన "పే" అక్షరం సంఖ్యలలో మీమ్, నూన్, వావ్‌ల తరువాత వస్తుంది. జాబితాలో పంజాబీని చేర్చితే, పై వరుసలలో ఉండవలసిన ఆ పేరు మరాఠీ కిందికి దిగుతుంది. భాషను బట్టి వరుస కూర్చే "కొలేటర్" అనే సాధనం జావాస్క్రిప్టులో ఉన్నది, దానినే వాడవలెను.

వెదుకులాటలోనూ ఇట్టిదే జరుగుతుంది. "అరబీ" అనే ఉర్దూ మాట చివరి "యే" అక్షరానికి అరబ్బీ కీబోర్డులో ఒక సంఖ్య, ఉర్దూ కీబోర్డులో మరొక సంఖ్య. చదివేవానికి మాట ఒకటే, యంత్రానికి రెండు. తెలుగులో కొందరు "మరాఠీ" అని, కొందరు "మరాఠి" అని వ్రాస్తారు. సరిపోల్చడానికి ముందు ఇట్టి భేదాలను ఒకే రూపానికి తీసుకొని రావలెను. తన మాటను తాను అలవాటుగా వ్రాసేవానికి "దొరకలేదు" అనే సమాధానం రాకూడదు.

పరీక్షించే పద్ధతి

ఇట్టి ఫారమును బయటి సంస్థ చేత చేయించినా, మన విద్యార్థులే చేసినా, స్వీకరించడానికి ముందు కళాశాల సంఘం వారు ఈ కింది పరీక్షలు చేయవచ్చును. వీటికి కంప్యూటరు శాస్త్రంలో పట్టా అవసరం లేదు.

1. మూడు భాషలను ఎన్నుకొని పంపి, కార్యాలయంలోని జాబితాలో మూడూ చేరినవో లేదో చూడవలెను.

2. మౌస్‌ను పక్కన పెట్టి, మీటలతో మాత్రమే ఫారమును పూర్తి చేయవలెను.

3. స్క్రీన్ రీడరును నడిపి, తెరను ఆర్పి, విని నింపవలెను. అంధ విద్యార్థి ఉంటే, ఆయన అంగీకారంతో ఆయన అభిప్రాయాన్ని ముందుగా తీసుకొనవలెను.

4. ఉర్దూ రూపంలో పేజీని తెరచి, అక్షరాలు తెగినవా, గుర్తులు సరియైన వైపున ఉన్నవా అని ఉర్దూ చదువరి చేత చూపించవలెను.

5. చిన్న ఫోనులో బొటనవేలితో నొక్కి చూడవలెను. 2023లో వెలువడిన అందుబాటు ప్రమాణం 2.2 ప్రకారం నొక్కే చోటు సాధారణంగా 24కు 24 పిక్సెళ్ల కంటె చిన్నది కారాదు. అక్షరాల రంగుకు, వెనుకటి రంగుకు మధ్య కాంతి నిష్పత్తి మామూలు పరిమాణపు అక్షరాలకు కనీసం 4.5కు 1 ఉండవలెను.

6. ఒక్క భాషనూ ఎన్నుకొనకుండా పంపి, ఫారము ఏమి చెబుతుందో చూడవలెను.

ఈ పరీక్షలను దయాధర్మంగా భావించరాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సమాచార సాధనాలు అందరికీ అందుబాటులో ఉండవలెనని నిర్దేశిస్తున్నది.

ముగింపు

విద్యార్థి మిత్రులారా! పెక్కు ఎంపికల జాబితాను కట్టడంలో కష్టమైన గణితం లేదు. ఒక సమితి, ఒక వరుస సంఖ్య, కొన్ని మీటలు, కొన్ని వర్ణనలు. శ్రద్ధ ఉన్న విద్యార్థి కొన్ని వారాలలో దీనిని పూర్తి చేయగలడు. మొదట చెక్‌బాక్సులతో ఎనిమిది భాషల ఫారమును వ్రాయండి. తరువాత స్వంత జాబితాను కట్టి, రెండింటినీ పై ఆరు పరీక్షలకు నిలిపి చూడండి. చెక్‌బాక్సులదే పైచేయి అయితే వాటినే ఉంచండి. అందులో చిన్నతనం లేదు. స్వంత జాబితా నిలిచిందంటే, మూడు భాషలు వచ్చిన విద్యార్థిని మూడు గుర్తులు పెట్టినప్పుడు మూడూ కార్యాలయానికి చేరుతాయి. ఆ ఫారమును ఆమె చేతికి ధైర్యంగా ఇవ్వవచ్చును.